నీల్ యంగ్: ‘ట్రాన్స్’ మేలా, ‘ఎవ్రీబడీస్ రాకిన్’ మేలా?

రాక్ గాయకుడు నీల్ యంగ్ అభిమానులు కూడా పక్కన పెట్టేసిన ఆల్బమ్‌లు ఈ రెండూ. 1983లో ఆయన రికార్డ్ కంపెనీ గెఫెన్ రికార్డ్స్ ‘ఇవి నీల్ యంగ్ పాటల్లా లేవు’ అని ఆయన మీదే కోర్టుకెక్కింది. అడిగిన నష్టపరిహారం 33 లక్షల డాలర్లు!

1982 చివర్లో వచ్చిన ‘ట్రాన్స్’లో చాలా పాటల్లో ఆయన గొంతు వోకోడర్ (గొంతును రోబో గొంతులా మార్చే యంత్రం) గుండా వస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నాకూ చిరాకేసింది, మాటలే అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, ఆయన కొడుకు బెన్‌కి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని శరీర కదలికలు అదుపు తప్పే స్థితి) అని, మాట్లాడలేడని. ‘ట్రాన్స్‌ఫార్మర్ మ్యాన్’ ఆ పిల్లాడి గురించే. ఆ పాట మళ్లీ పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నాను. యంత్రం వెనకాల సన్నగా, పైస్థాయిలో ఒక నాన్న గొంతు. మాట అందకపోవడమే ఆ పాటలోని బాధ. నమ్మకం కుదరకపోతే ఎలక్ట్రిక్ హంగులు లేకుండా పాడిన ఆయన 1993 లైవ్ ఆల్బమ్ ‘అన్‌ప్లగ్డ్’లో ఇదే పాట వినండి. యంత్రం తీసేసినా ఆ రాగం ఎంత మెత్తగా ఉందో!

‘ఎవ్రీబడీస్ రాకిన్’ 1983ది. 1950ల నాటి రాకబిలీ (తొలినాళ్ల రాక్ అండ్ రోల్, కంట్రీ కలిసిన) బాణీ, మొత్తం కలిపి పాతిక నిమిషాలు కూడా లేదు. ‘వండరిన్’ పాట హాయిగా ఉంటుంది. మిగతావి సరదాగా సాగిపోతాయి కానీ మనసులో నిలవవు.

ఒక్కటే వినే టైముంటే నేనైతే ‘ట్రాన్స్’ వినమంటాను, అదీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని.