షుగర్ ఉన్నవారు క్రూయిజ్ ఎక్కితే: మోజిటోనా, జిన్ టానిక్కా?

విజయవాడ నుంచి రైల్లో చెన్నై చేరి క్రూయిజ్ ఎక్కే షుగర్ బాధితుల్లో కొందరు మోజిటో అనే కాక్‌టెయిల్ పేరు చూడగానే తీపి అని పక్కన పెడతారు. చేదు కదా, ఫరవాలేదని జిన్ టానిక్ అడుగుతారు. నా ఓటు మాత్రం మోజిటోకే.

జిన్ టానిక్‌లో జిన్‌తో కలిపేది టానిక్ వాటర్ అనే గ్యాస్ పానీయం. అందులో చేదు క్వినైన్ అనే పదార్థానిది. ఆ చేదును అణచడానికి చక్కెర దండిగా కలుపుతారు. 350 మిల్లీలీటర్ల మామూలు టానిక్‌లో సుమారు 30 గ్రాములు, అంటే ఏడెనిమిది చెంచాలు! జిన్ పాపం నిర్దోషి, అందులో చక్కెర ఉండదు. డైట్ టానిక్ దొరికితే సరే, లేదంటే సోడా పోయించుకోవాలి.

మోజిటోలో ఉండేవి తెల్ల రమ్ము, నిమ్మరసం, పుదీనా, సోడా, చక్కెర. అప్పటికప్పుడు గ్లాసులో కలిపేది కాబట్టి ఆ చివరిది వద్దనవచ్చు. ఎండాకాలమంతా ఉప్పేసిన నిమ్మకాయ సోడాతో గడిపే బెజవాడ నాలుకకు అదేమంత లోటు కాదు. సీసాలోని పుదీనా సిరప్ వాడే బార్ అయితే ఈ సౌలభ్యం ఉండదు, ముందే అడగాలి.

చక్కెర తీసేసినా మద్యం మద్యమే. దాని పనిలో పడిన కాలేయం రక్తంలోకి గ్లూకోజ్ వదలడం తగ్గిస్తుంది. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర గానీ వాడేవారికి గంటల తర్వాత, నిద్రలో కూడా షుగర్ పడిపోవచ్చు. ఖాళీ కడుపుతో ఏదీ వద్దు. వణుకు, తడబాటు చూసి మత్తనుకునే ప్రమాదం ఉంది కనుక వెంట వచ్చినవారికి సంగతి చెప్పి, గ్లూకోజ్ బిళ్లలు జేబులో ఉంచుకోవాలి.