ఇన్వర్టర్‌కి సీసం బ్యాటరీనా, లిథియమా? బెజవాడ ఎండకి ఏది మేలు

సత్యనారాయణపురంలో మా పిన్ని వాళ్ళ ట్యూబులర్ బ్యాటరీ (సీసం బ్యాటరీలోనే ఒక రకం) మూడేళ్ళకే చతికిలబడింది, ఏది కొనమంటావురా అంటే ఆటోనగర్‌లో నాలుగు షాపులు తిరిగా, అందరూ వారంటీ గురించే గానీ లోపల ఏం జరుగుద్దో ఒక్కళ్ళూ చెప్పరు. తేడా అంతా అక్కడేగా.

సీసం బ్యాటరీలో ఒక పక్క సీసం, ఇంకో పక్క సీసం డయాక్సైడ్, మధ్యలో నీళ్ళు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్. కరెంటు పోగానే సీసం ఎలక్ట్రాన్లు వదిలేస్తది, అవి యాసిడ్‌లోంచి పోలేవు కాబట్టి వైరు పట్టుకుని ఇన్వర్టర్ మీదుగా చుట్టూ తిరిగి అవతలి పలకకి చేరతాయి, ఆ తిరుగుడే మన ఫ్యాన్ తిప్పేది. ఈలోపు రెండు పలకల మీదా సీసం సల్ఫేట్ పేరుకుంటది, యాసిడ్ పలచబడుద్ది. చార్జింగ్ పెడితే అంతా వెనక్కి. సెల్‌కి 2 వోల్టులు, ఆరు సెల్స్ కలిపి 12, ఫ్రాన్స్‌లో ప్లాంటే అనే శాస్త్రవేత్త 1859లో చేసిందానికీ దీనికీ మూలంలో పెద్ద తేడా లేదు. చిక్కేంటంటే, దిగిపోయినదాన్ని అలాగే వదిలేస్తే ఆ సల్ఫేట్ గడ్డకట్టి మళ్ళీ కరగదు. పైగా చార్జింగ్ ఎక్కువైతే నీళ్ళు హైడ్రోజన్, ఆక్సిజన్ అయి ఎగిరిపోతాయి, మన మే నెల ఎండకి ఇంకా త్వరగా. అందుకే డిస్టిల్డ్ వాటర్ పోయాలి. పిన్నేమో క్యాన్ నీళ్ళు పోసిందంట, అందులో ఉప్పులుంటాయి పిన్నీ అంటే "తాగే నీళ్ళేగా" అంది!

లిథియంలో (ఇన్వర్టర్లకి ఐరన్ ఫాస్ఫేట్ రకం) పలకలు అలా వేరే పదార్థంగా మారిపోవు. లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల్లోంచి బయటికొచ్చి ఐరన్ ఫాస్ఫేట్ సందుల్లో దూరతాయి, చార్జింగ్‌లో తిరిగొస్తాయి, అంతే. అందుకే వేల సార్లు తిప్పినా తట్టుకుంటది. సెల్ 3.2 వోల్టులు, నాలుగు చాలు, కలిపి 12.8. దీనికీ వేడి పడదు గానీ నీళ్ళ గొడవ లేదు.

లెక్క చూడండి. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్స్) ట్యూబులర్ అంటే, 12 వోల్టులతో గుణిస్తే 1800 వాట్ అవర్స్, కానీ సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గిద్ది, అంటే 900. అదే 100 ఏహెచ్ లిథియం అయితే 12.8తో గుణిస్తే 1280, అందులో 80 శాతం హాయిగా వాడుకోవచ్చు, 1000 దాటుద్ది. బరువు ట్యూబులర్ 50 కిలోల పైనే, ఇది పదీ పదిహేను. 2024లో బుడమేరు వాగు పొంగినప్పుడు బెజవాడ సింగ్ నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళకి ఈ తేడా విలువ బాగా తెలిసుంటది, అటక మీదకి ఎత్తగలిగేది ఏదో.

నెలనెలా మూతలు తీసి చూసే ఓపిక ఉండి, కరెంటు ఎప్పుడో అరగంట పోయే ఇల్లయితే ట్యూబులరే కొనండి, రేటు తక్కువ. పిన్నికి మాత్రం లిథియమే చెప్పా. కాకపోతే పాత ఇన్వర్టర్‌లో లిథియం మోడ్ ఉందో లేదో ముందు చూసుకోవాలి, ట్యూబులర్ చార్జింగ్ సెట్టింగ్ దీనికి సరిపడదు. పాతది మూలన పడేయకుండా ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయమన్నా, సీసానికి ఎప్పుడూ గిరాకీయే.