మణలి పైప్‌లైన్ మీద డాస్: కొన్నేళ్ల వాడకం తర్వాత

చెన్నైలో మణలి వైపు పైప్‌లైన్ వెంట పాతిన ఫైబర్‌కి డాస్ (డిస్ట్రిబ్యూటెడ్ అకౌస్టిక్ సెన్సింగ్, అంటే ఫైబర్ పొడవునా నేల అదుర్లని వినే పద్ధతి) యూనిట్ తగిలించి కొన్నేళ్లుగా కాపలాకి వాడుతున్నాం. కొనేవాళ్లందరూ ముందు అడిగేది రేంజ్ ఎంత, ఛానెళ్లు (ఫైబర్ వెంట విడివిడిగా వినే చోట్లు) ఎన్ని అని. నన్నడిగితే కేబుల్ నేలని ఎంత గట్టిగా పట్టుకుందో ముందు చూడమంటాను.

ఫైబర్ మామూలు సింగిల్ మోడ్‌దే. యూనిట్ 1550 నానోమీటర్ల లేజర్ పల్స్ వదులుతుంది. గాజులో చెదిరి వెనక్కొచ్చే కాంతి ఫేజ్ (దాని అల దశ) మారితే అక్కడ ఏదో అదిరినట్టు. నేరుగా మట్టిలో పాతినచోట జేసీబీ బకెట్ దించగానే తెరమీద చార పడుతుంది. అదే కేబుల్ రోడ్డు కింద డక్టులో వదులుగా ఉన్నచోట లోడు లారీ వెళ్లినా మసకే. అక్కడ గ్రౌట్ (నింపాక గట్టిపడే ముద్ద) నింపించాక ఆ ముక్కకి ప్రాణం వచ్చింది. ఇక ఆ కేబుల్‌ని బయటికి లాగలేం, అయినా అదే మేలు.

రెండోది దూరాల లెక్క. మ్యాన్‌హోళ్లలో చుట్టలు చుట్టి వదిలిన ఫైబర్ వల్ల యూనిట్ చెప్పే మీటర్లు, నేలమీద మీటర్లు కలవవు. నాయుడుపేట నుంచి వచ్చిన మా ఫీల్డ్ కుర్రాడు చోటుచోటునా సుత్తితో నేలని కొట్టి, "సార్, ఇప్పుడు పడిందా?" అని ఫోన్లో అడుగుతుంటే ఒక్కో ఛానెల్‌నీ జీపీఎస్‌కి ముడిపెట్టాం. విసుగు పుట్టించే పనే, కానీ గార్డు సరైన చోటికి పరిగెత్తేది దాని వల్లే.

గేజ్ లెంగ్త్, అంటే ఒక్కో కొలతకి లెక్కలోకి తీసుకునే ఫైబర్ ముక్క పొడవు, 10 మీటర్లే ఉంచాం. తగ్గిస్తే చోటు ఇంకా కచ్చితంగా తెలుస్తుంది గానీ నాయిస్ పెరుగుతుంది. 40 కిలోమీటర్ల ఫైబర్ చివరిదాకా పోయి తిరిగి రావడానికి కాంతికి సుమారు 400 మైక్రోసెకన్లు పడుతుంది. ఒక పల్స్ తిరిగొచ్చాకే ఇంకోటి పంపే మా యూనిట్ సెకనుకి 2,500 పల్స్‌లకి మించి పంపడం కుదరదు, అంటే అందులో సగం, 1,250 హెర్ట్జ్ పైన ఉన్న అదుర్లు దానికి వినపడవు. అందుకే సన్నటి లీకు బుసకి దీన్నే నమ్ముకోను, ప్రెజర్ గేజ్‌లూ ఉండాల్సిందే.

కేబుల్‌కి అడ్డంగా వచ్చి తగిలే తరంగాన్నీ ఇది సరిగా పట్టదు. కొత్తగా వేసేవాళ్లు, ఖర్చు ఎక్కువైనా, ఈ లోటు తగ్గించే, లోపల ఫైబర్‌ని మెలికగా చుట్టిన కేబుల్ గురించి ఆలోచించండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన. చినుకుల చప్పుడుకి తోడు, తడిసిన మట్టి స్వభావమే మారుతుంది. వేసవిలో పెట్టిన అలారం హద్దులు అప్పుడు పనికిరావు, వానలకి వేరే సెట్టింగ్ దాచుకున్నాం. డెమో చూపించేవాళ్లని ఆ నెలల్లోనే, మీ సొంత కేబుల్ మీదే చూపించమనండి.