డబ్బా బంగారం, వైరు దండగ: మ్యూనిక్ నుంచి హైదరాబాద్ దాకా ఒక కారు ఫ్రిడ్జ్

ఎన్ని లీటర్లు, ఎన్ని సీసాలు పడతాయి లాంటివి అమ్మేవాళ్లే చెబుతారు. నేను మా కారు ఫ్రిడ్జ్ వైరు గురించి చెబుతాను. ఇన్నాళ్లయినా ఆ కోపం తగ్గలేదు.

మ్యూనిక్‌లో ఏళ్ల తరబడి సాగిన కాపురం ఎత్తేసి, మా ఆవిడా నేనూ కారులోనే హైదరాబాద్ బయల్దేరాం. మన పాస్‌పోర్టుతో పాకిస్తాన్ మీదుగా రావడం అయ్యే పని కాదు. అందుకని తుర్కియే, జార్జియా, రష్యా దక్షిణపు కొస, కజకిస్తాన్, చైనా, టిబెట్, నేపాల్. ఆవిడకి ఇన్సులిన్ తప్పదు. తెరవని ఇన్సులిన్ పెన్నులు (మందు నింపి ఉన్న సూది గొట్టాలు) 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పారేయడమే. తిండి, పడక ఎలాగైనా సర్దుకుంటాం, దీనికి సర్దుబాటు లేదు.

జర్మనీలో చాలా అద్దె ఇళ్లలో వంటింటి అల్మారాలు, పొయ్యి, సింకు కూడా అద్దెకున్నవాళ్లవే. ఖాళీ చేసేటప్పుడు విప్పి పట్టుకెళ్లాలి, లేదా వచ్చేవాళ్లకి అమ్ముకోవాలి. మా పెద్ద ఫ్రిడ్జ్ ఆ బేరంలోనే పోయింది. చివరి రోజుల్లో, గోడలకి తెల్ల రంగు వేసిన ఖాళీ ఇంట్లో ఈ కారు ఫ్రిడ్జ్ డబ్బా ఒక్కటే మిగిలింది. పాలు, పెరుగు, మందులు అన్నీ అందులోనే. ఇంటి కరెంటు మీద కిక్కురుమనకుండా పనిచేసింది. అప్పుడెవరైనా అడిగి ఉంటే కళ్లు మూసుకుని కొనుక్కోమనేవాణ్ణి.

కజకిస్తాన్‌లో అరల్స్క్ దగ్గర బండారం బయటపడింది. ఒకప్పుడు అరల్ సముద్రం ఒడ్డున ఉన్న ఊరది, ఇప్పుడు చుట్టూ ఎడారి. ఆగస్టు ఎండ. రాత్రి బండి ఆపి పడుకున్నాం. తెల్లారి ఆవిడ మూత తీసి, "ఏమండీ, ఇది ఆగిపోయినట్టుంది" అంది. ఎర్ర లైటు, లోపల 17 డిగ్రీలు. బ్యాటరీ దిగిపోయిందనుకుని తాళం తిప్పితే ఇంజన్ టక్కున అందుకుంది! ఇంజన్ ఆపి, కాసేపాగి మల్టీమీటర్ పెట్టాను. బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు. ఫ్రిడ్జ్ నడుస్తుండగా దాని ప్లగ్గు దగ్గర 11.2.

వీటిలో ఒక కటాఫ్ ఉంటుంది. వోల్టేజి ఒక హద్దు దిగితే ఫ్రిడ్జ్ ఆగిపోతుంది, పొద్దున బండి స్టార్ట్ కావాలి కదా. మంచి ఏర్పాటే. కానీ అది చూసేది బ్యాటరీని కాదు, తన దాకా చేరిన వోల్టేజిని. కంప్రెసర్ నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది. కంపెనీ ఇచ్చినదేమో సెల్‌ఫోన్ చార్జరు వైరంత సన్నటి తీగ, అది డిక్కీ దాకా సాగాలి. దారిలోనే వోల్టుకి పైగా ఆవిరి. లైటర్ సాకెట్‌లో పెట్టే ఆ ప్లగ్గు ముట్టుకుంటే చురుక్కుమంది. మాన్యువల్ ప్రకారం కటాఫ్‌ని తక్కువ హద్దుకి ('లో') మార్చి చూశాను. ఇంకాస్త సేపు నడిచి మళ్లీ ఆగింది. ఇంత ఖరీదైన వస్తువుకి అంత పీనాసి వైరు ఎలా ఇవ్వబుద్ధయిందో!

అల్మాటీ దాకా పగలు ఇంజన్ మీద, రాత్రిళ్లు హోటల్ ప్లగ్గు మీద నెట్టుకొచ్చాం. అక్కడొక ఆటో ఎలక్ట్రీషియన్‌కి కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తే, బ్యాటరీ నుంచి నేరుగా 6 చదరపు ఎంఎం వైరు లాగి, బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, లైటర్ ప్లగ్గు కోసి పారేశాడు. ఫ్రిడ్జ్ దగ్గర కొలిస్తే 12.2. ఆ తర్వాత హైదరాబాద్ దాకా ఒక్కసారీ ఆగలేదు.

టిబెట్‌లో సమస్య తిరగబడింది. టింగ్రీ 4,000 మీటర్లకి పైన, అక్టోబరు రాత్రి సున్నా కిందికి పోతుంది. ఫ్రిడ్జ్ చల్లబరచగలదేగానీ వెచ్చబెట్టలేదు. స్విచ్చి ఆపి, గోరువెచ్చని నీళ్ల సీసా లోపల పెట్టి మూసేశాను. పొద్దున చూస్తే 5 డిగ్రీలు. ఆ మందపాటి గోడలకి దండం పెట్టాలి.

ఇందాక కళ్లు మూసుకుని అన్నాను కదా, ఒక కన్ను తెరవండి. తెర మీద 4 ఉన్నా, విడి థర్మామీటర్ అడుగున గోడకి ఆనించి పెడితే మైనస్ 1 చూపిస్తోంది. పెన్నులు పై బుట్టలో, గోడకి తగలకుండా పెట్టుకోవాల్సిందే.

ఎడమ స్టీరింగు బండి ఇక్కడ మన పేరున రిజిస్టర్ కాదు, కార్నే (బండిని తాత్కాలికంగా దేశంలోకి తెచ్చుకునే కస్టమ్స్ పత్రం) గడువులోగా తిరిగి ఓడెక్కించాం. ఫ్రిడ్జ్ మాత్రం మల్కాజిగిరిలో మాతోనే ఉంది. ఇక్కడి బండికి ట్రూప్ బజార్‌లో కొన్న వైరే వేయించాను. మే నెల ఎండలో నిలబెట్టిన కారులో కంప్రెసర్ దాదాపు ఊపిరి తీసుకోదు, బ్యాటరీ మీద బెంగ తప్పదు.

మాకైతే మందుల కోసం ఖర్చు గిట్టుబాటైంది. శ్రీశైలం వెళ్లొచ్చే రెండు రోజులకి మంచినీళ్ల కోసమైతే ఐసు వేసిన థర్మాకోల్ డబ్బా చాలు. కొనేటట్టయితే వైరు ఖర్చు వేరే లెక్క వేసుకోండి. కంపెనీ వైరు మాత్రం పారేయకండి, వారంటీకి ఫోన్ చేస్తే నన్ను మొదట అడిగింది అదే.