ఈ-క్యాడ్‌హెరిన్ యాంటీబాడీ: ఆ కింది బ్యాండ్ కోసమే రాస్తున్నా

ఈ-క్యాడ్‌హెరిన్ అంటే కణాల్ని ఒకదానికొకటి అతికించి ఉంచే ప్రోటీన్. వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లని సైజువారీగా విడదీసి, మెంబ్రేన్ మీదకి ఎక్కించి, యాంటీబాడీతో వెతికే పద్ధతి) ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాల్లో 120 కేడీఏ (కిలోడాల్టన్, ప్రోటీన్ సైజు కొలత) దగ్గర దాని బ్యాండ్ రావడం గొప్పేం కాదు, ఆపాటి ఏ కంపెనీ యాంటీబాడీ అయినా చూపిస్తుంది. ఈ మౌస్ మోనోక్లోనల్‌ని (ఎలుక నుంచి వచ్చిన, ప్రోటీన్‌ని ఒకే చోట పట్టుకునే యాంటీబాడీ) నేను వదలకపోవడానికి కారణం 38 దగ్గర కనిపించే సన్నటి గీత.

మా బెంగళూరు ల్యాబ్‌లో అందరిదీ ఒకటే అలవాటు. ట్రాన్స్‌ఫర్ అవగానే మెంబ్రేన్‌ని 70 దగ్గర బ్లేడుతో అడ్డంగా కోసేస్తాం. పై సగం ఈ-క్యాడ్‌హెరిన్‌కి, కింది సగం యాక్టిన్‌కి, అంటే అన్ని శాంపిల్స్‌లో ప్రోటీన్ సమానంగా ఎక్కిందో లేదో చూసుకునే ప్రోటీన్‌కి. యాంటీబాడీ ఆదా, టైమూ ఆదా. దాంతో కింది సగంలో ఇది ఏం చూపిస్తుందో ఎవరూ చూసిన పాపాన పోలేదు. ఒకసారి మా జూనియర్, నరసరావుపేట కుర్రాడు, యాక్టిన్ సంగతి స్ట్రిప్ చేశాక (మొదటి యాంటీబాడీని కడిగేశాక) చూసుకోవచ్చని మెంబ్రేన్ కొయ్యకుండానే వేశాడు. డ్రగ్ పెట్టిన లేన్లలో (ఒక్కో శాంపిల్‌కి ఒక్కో నిలువు వరస) 120 పలచబడింది, కింద ఈ గీత తేలింది. "అక్కా, లాట్ పాడైనట్టుంది, కంపెనీకి మెయిల్ పెడదామా?" అన్నాడు. మేడమైతే "నాన్-స్పెసిఫిక్, క్రాప్ చేసెయ్" అని తేల్చేశారు.

నా చూపు పక్క లేన్ మీద ఆగింది. ఎండీఏ-ఎంబీ-231 అనే మరో రకం రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఈ-క్యాడ్‌హెరిన్ ఉండదు. ఆ లేన్లో పైనా ఏం లేదు, కిందా ఏం లేదు. కనబడిన ప్రతిదానికీ అంటుకునే రకమైతే అక్కడా ఏదో ఒక మరక ఉండాలి కదా. డేటాషీట్ తీస్తే, ఇది పట్టుకునేది ప్రోటీన్‌కి కణం లోపల ఉండే తోకని. ఏడమ్-10 అనే ఎంజైమ్ బయటి భాగాన్ని కత్తిరిస్తే 80 కేడీఏ ముక్క మీడియంలోకి (కణాలు పెరిగే ద్రవంలోకి) పోతుంది, 38 ముక్క పొరలోనే ఉండిపోతుంది. అయనోమైసిన్‌తో ఆ ఎంజైమ్‌ని రెచ్చగొట్టి చూశాం, గీత లావెక్కింది. ఇన్హిబిటర్ పెడితే దాదాపు మాయం. ల్యాబ్ మీటింగ్‌లో మొదటి స్లైడ్ అదే పెట్టమన్నారు మేడమ్, క్రాప్ మాటే ఎత్తలేదు.

ఆ ఊపులో పై అంతస్తు వాళ్లక్కూడా ఇదే కొనమని చెప్పా. ఇప్పుడు ఎవరడిగినా ముందు ఏం ఎక్స్‌పెరిమెంట్ అని అడుగుతున్నా. మీడియంలోకి పోయిన 80 ముక్క దీనికి దొరకదు. తోక లోపలుంది కాబట్టి బతికున్న కణాల మీద ఫ్లో సైటోమెట్రీ (కణాల్ని ఒక్కొక్కటిగా కొలిచే పద్ధతి) కుదరదు, పర్మియబిలైజ్ చేయాల్సిందే (పొరకి చిల్లులు పెట్టాల్సిందే). ఎలుక టిష్యూ సెక్షన్లయితే సెకండరీ (మన యాంటీబాడీని పట్టుకునే రెండో యాంటీబాడీ) పోయి టిష్యూలోని ఎలుక సొంత ఇమ్యునోగ్లోబ్యులిన్‌ని కూడా పట్టుకుంటుంది, బ్యాక్‌గ్రౌండ్‌తో చుక్కలు కనిపిస్తాయి. గ్లిసరాల్‌లో వస్తుంది కనక మైనస్ 20లో గడ్డకట్టదు, ఆ సుఖం మాత్రం ఉంది. ధర గురించి మాట్లాడకపోవడమే మంచిది.

మాది షెడ్డింగ్ (ఇలా బయటి భాగం తెగి పోవడం) మీద పని, అందుకని మళ్లీ ఇదే ఆర్డర్ పెట్టాం. ఈఎంటీలో (కణాలు అతుకు వదిలి కదిలే రకంగా మారడం) ఈ-క్యాడ్‌హెరిన్ ఉందా పోయిందా తెలిస్తే చాలనుకునేవాళ్లు మీ ఫ్రీజర్‌లో ఉన్నది అయ్యేదాకా వాడుకోండి. గ్రాంట్‌లో ఏమైనా మిగిలితే బయటి భాగాన్ని పట్టుకునే క్లోన్ (యాంటీబాడీ రకం) ఒకటి కొనుక్కోండి.