స్పెయిన్ సముద్రపు ఒడ్డున ఓపేర్: కడపలో అమ్ముతున్న ప్యాకేజీ కొనదగినదేనా?

గల్ఫ్ వీసాలు చూసే కన్సల్టెన్సీలు కొన్ని కడపలో ఇప్పుడు స్పెయిన్ ఓపేర్ (అక్కడి కుటుంబంతో ఉంటూ వాళ్ల పిల్లల్ని చూసుకునే ఏర్పాటు) ప్యాకేజీ కూడా అమ్ముతున్నాయి. బ్రోషర్‌లో నీలం సముద్రం, తెల్లటి ఇల్లు, ఇద్దరు పిల్లలు. కౌంటర్ దగ్గర వినిపించే మాట ఒకటే: "ఏం లేదమ్మా, పిల్లోల్ని చూసుకోవడమే. తిండి, రూము వాళ్లదే. పైన నెలనెలా యూరోలు." ఈ రివ్యూ ఏ ఒక్క ఆఫీసు మీదా కాదు, ఆ ప్యాకేజీ మీద. డిగ్రీ అయిపోయి, స్పానిష్ గట్టిగా నేర్చుకుందామనుకునే పిల్లకు ఇది మంచి ఏడాది. ఇంటి అప్పు తీర్చాలని బయల్దేరే మనిషికి మాత్రం పనికిరాదు.

మన దగ్గర అసలు చిక్కంతా రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు పోయే ఖద్దామా వీసా అలవాటుతో దీన్ని కొలవడంలోనే ఉంది. అది జీతానికి చేసే ఇంటిపని. ఓపేర్ ఉద్యోగం కాదు. కుటుంబంతో కలిసి ఉంటూ, పిల్లల పనిలో కొంత సాయం చేస్తూ, భాష నేర్చుకోవడం. దీని మీద 1969లో స్ట్రాస్‌బర్గ్‌లో ఓ యూరోపియన్ ఒప్పందం కుదిరింది, స్పెయిన్ అందులో ఉంది. వయసు 17 నుంచి 30. సాయం రోజుకు 5 గంటలకు మించకూడదు. వారానికి ఒక పూర్తి రోజు సెలవు, నెలలో కనీసం ఒక సెలవు ఆదివారం రావాలి. మొదట ఏడాది వరకే, పొడిగించినా మొత్తం రెండేళ్లు దాటదు. ఇంటెడు బట్టలు ఉతకడం, ఇల్లంతా తుడవడం, అత్తగారికి వంట చేయడం ఇందులో లేవు. పిల్లల గది సర్దడం, వాళ్ల గిన్నెలు కడగడం, స్కూలు దగ్గర దించి తీసుకురావడం వరకే. "పని తేలికే" అన్న మాటకు కాగితం మీద ఏముందో చూపించమనండి. గంటలు రాయని ఒప్పందం మీద సంతకం పెట్టొద్దు.

డబ్బు లెక్క. స్పెయిన్‌లో చేతిఖర్చు మామూలుగా వారానికి 70 నుంచి 100 యూరోల మధ్య ఉంటుంది. 80 అనుకుంటే నాలుగు వారాలకు 320. యూరోను 100 రూపాయలుగా లెక్కేస్తే ముప్ఫై రెండు వేలు. అందులోనే బస్సు, ఫోను, సెలవు రోజు బయట తిండి పోవాలి. ఇంటికి పంపడానికి నికరంగా మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. భాషా కోర్సు ఫీజు ఎవరు కడతారో ప్యాకేజీలో తేల్చి చెప్పరు. ఖర్చులో పెద్ద ముక్క అదే, ఏడాది చేతిఖర్చంతా దానికే చాలకపోవచ్చు. అందుకని మొదట అడగాల్సిన ప్రశ్న అది.

ఆ కోర్సు ఎందుకంత ముఖ్యమంటే, యూరోపియన్ యూనియన్ బయటి దేశాల వాళ్లు స్పెయిన్‌కు ఓపేర్‌గా మామూలుగా పోయేది చదువు వీసా మీదే. 90 రోజులు దాటితే డి రకం వీసా. కాన్సులేట్ వారానికి కనీసం 20 గంటల క్లాసులు చూస్తుంది, అదీ గుర్తింపున్న అకాడమీలో. ఇక్కడ కూడిక వేసి చూడండి: 20 గంటల క్లాసు, 25 నుంచి 30 గంటల పిల్లల పని, పైన రాకపోకలు. స్పెయిన్‌లో చాలా స్కూళ్లు ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 దాకా నడుస్తాయి కాబట్టి, అదే సమయంలో క్లాసుకు వెళ్తే సరిపోతుంది. కానీ సముద్రతీరపు ఇళ్లు చాలామటుకు ఊళ్లో ఉండవు. ఊరికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో గేటు వేసిన కాలనీల్లో ఉంటాయి, వాటిని ఉర్బనిసాసియోన్ అంటారు. వేసవిలో బాగా నడిచే బస్సులు చలికాలం వచ్చేసరికి పలచబడతాయి. అకాడమీ, ఇల్లు, బస్‌స్టాప్ మూడింటినీ మ్యాప్‌లో పెట్టి, ఫిబ్రవరి నెల బస్సు టైమ్‌టేబుల్ చూడాలి. ఇది తేలకుండా కుటుంబం ఎంత మంచిదైనా లాభం లేదు: క్లాసు తప్పితే వీసాకున్న ఆధారమే పోతుంది.

ఇంకో మెలిక. ఫోటోల్లో సముద్రం చూపించే కుటుంబాలన్నీ సముద్రం దగ్గర ఉండవు. మాడ్రిడ్‌లో కాపురం, ఆగస్టులో మాత్రం బీచ్ ఇల్లు, ఇలాంటివి బోలెడు. పిల్లల స్కూలు ఏ ఊళ్లో ఉందో అడిగితే నిజం బయటపడుతుంది. అలికాంటె, వాలెన్సియా, బార్సిలోనా వైపైతే ఇంట్లో వాలెన్సియన్ గానీ కాటలన్ గానీ మాట్లాడుతుంటారేమో తేల్చుకోండి, లేకుంటే స్పానిష్ నేర్చుకుందామని వెళ్లి వేరే భాష వింటూ కూర్చోవాలి. మలాగా, కాదిజ్ వైపు స్పానిషే కానీ పదం చివరి 'స' మింగేస్తారు, మొదటి నెల ఏమీ అర్థం కాకపోవడం మామూలే. చాలా కుటుంబాలు పిల్లలకు ఇంగ్లిష్ రావాలనే ఓపేర్‌ను పెట్టుకుంటాయి. ఇంట్లో పిల్లలతో ఇంగ్లిష్, తల్లిదండ్రులతో స్పానిష్ అని ముందే మాట అనుకోవాలి.

కాగితాల వరుసలో మన వాళ్లు చేసే పొరపాటు, అన్నిటికంటే ముందు పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ (పీసీసీ) తీసేసుకోవడం. కుటుంబం కుదరడానికి నెలలు పడితే ఆ సర్టిఫికెట్ పాతబడిపోతుంది, మళ్లీ మొదటికి. సరైన వరుస ఇది: ముందు కుటుంబం, వీడియో కాల్‌లో తల్లీ తండ్రీ ఇద్దరూ కనిపించాలి. తర్వాత ఒప్పందం, ఆపైన అకాడమీ అడ్మిషన్ లెటరు, అప్పుడు పీసీసీ. 2022 సెప్టెంబరు నుంచి పోస్టాఫీసుల్లోని పాస్‌పోర్టు కేంద్రాల్లో కూడా పీసీసీకి దరఖాస్తు పెట్టొచ్చు, కడపలో, కర్నూలులో పని అవుతుంది, ఫీజు 500. దానికి విదేశాంగ శాఖ అపోస్టిల్ (కాగితం అసలైనదేనని వేసే ముద్ర), ఆపైన స్పెయిన్ గుర్తించిన అనువాదకుడి చేత స్పానిష్ అనువాదం. అపోస్టిల్‌కు శాఖ తీసుకునేది కాగితానికి 50 రూపాయలే, మిగతాదంతా మధ్యవర్తుల సర్వీస్ చార్జీ. వేలల్లో బిల్లు వేస్తే రసీదు అడగండి. మెడికల్ సర్టిఫికెట్‌లో 2005 అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రస్తావన ఉండాలి, మామూలు ఫిట్‌నెస్ లెటరు తిప్పి పంపుతారు. 2025 మే 20 నుంచి స్పెయిన్ విదేశీయుల నియమావళి కొత్తది అమల్లోకి వచ్చింది, పాత యూట్యూబ్ వీడియోలు చూసి ఫైలు కట్టొద్దు. "టూరిస్టు వీసా మీద పొండి, అక్కడ మార్చుకుందాం" అనే ఆఫీసు నుంచి లేచి వచ్చేయడమే.

సముద్రం సంగతికొద్దాం, ప్యాకేజీలో అందంగా కనిపించేదీ, పనిలో ఎక్కువ బాధ్యత పడేదీ అదే. స్కూళ్లకు జూన్ చివరి నుంచి సెప్టెంబరు మొదటి వారాల దాకా సెలవులు. పిల్లలు రోజంతా ఇంట్లోనే, తల్లిదండ్రులకు పని ఉంటుంది. రోజుకు 5 గంటలనే మాట తెగేది ఈ నెలల్లోనే. వేసవి టైమ్‌టేబుల్ విడిగా రాయించుకోవాలి.

ఈత రాకపోతే ప్రొఫైల్‌లోనే రాయండి. దాచి వెళ్తే ప్రమాదం పిల్లలకు. బీచ్‌లో ఆకుపచ్చ జెండా ఉంటే దిగొచ్చు, పసుపుకు జాగ్రత్త, ఎరుపుకు పాదం కూడా పెట్టొద్దు. లైఫ్‌గార్డ్ సీజన్‌లో, అదీ కొన్ని గంటలే ఉంటాడు. చేతులకు తొడిగే గాలి రబ్బరు సంచులు ప్రాణరక్షణ సామాను కాదు, అవి వేసినా పిల్ల చేతికందేంత దూరంలోనే ఉండాలి. అన్నిటికంటే మోసం చేసేది నేల వైపు నుంచి వీచే గాలి. మలాగాలో దాన్ని తెర్రాల్ అంటారు. ఆ రోజు నీళ్లు చెరువులా నున్నగా కనిపిస్తాయి, కానీ గాలి నింపిన పడవ మీద కూర్చున్న పిల్లను నిమిషాల్లో లోపలికి తోసేస్తుంది. ఆ గాలి ఉన్నప్పుడు గాలిబొమ్మలు సంచిలోంచి తీయకూడదు. జెల్లీఫిష్ కుడితే మంచినీళ్లు పోయొద్దు, రుద్దొద్దు, సముద్రపు నీళ్లతోనే కడగాలి. అత్యవసరానికి 112.

కడప ఎండ తిన్న మనిషికి అక్కడి 32 డిగ్రీలు ఒక లెక్కా అనిపిస్తుంది. పిల్లల తెల్లటి చర్మానికి మాత్రం లెక్కే. బయల్దేరడానికి పావుగంట ముందే 50 నంబరు సన్‌స్క్రీన్ క్రీము రాయాలి, రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ. చెవుల పైభాగం, పాదాల మీద మరిచిపోతుంటారు. 12 నుంచి 4 దాకా ఇంట్లోనే.

తిండి వేళలు: భోజనం 2 తర్వాత, పిల్లలకు సాయంత్రం 5, 6 మధ్య చిరుతిండి, రాత్రి 9 దాటాక మళ్లీ భోజనం. పంది మాంసం తినని వాళ్లు, శాకాహారులు "మాంసం వద్దు" అంటే చాలదు. అక్కడ ఎండబెట్టిన హామోన్ (పంది తొడ మాంసం) ముక్కలు, ట్యూనా చాలామంది దృష్టిలో మాంసం కిందికి రావు. పప్పు కూరలో చోరీసో (పంది మాంసపు సాసేజ్) పడుతుంది. తినని వాటి పేర్లు ఒక్కొక్కటీ చెప్పాలి.

కన్సల్టెన్సీ ఎందుకైనా పనికొస్తుందా అంటే, అపోస్టిల్, అనువాదం, బీఎల్ఎస్ (వీసా దరఖాస్తులు తీసుకునే కేంద్రం) అపాయింట్‌మెంట్ వంటి తిరుగుడు పనులకు పనికొస్తుంది. కుటుంబాన్ని ఎంచడంలో దాని గొప్పేమీ లేదు. ఫీజు మూడు ముక్కలుగా ఇవ్వండి: ఒప్పందం చేతికొచ్చాక ఒకటి, వీసా ఫైలు వేశాక ఒకటి, స్టాంపు పడ్డాక మిగతాది. ఒప్పుకోకపోతే కారణం అడగండి. అక్కడ దిగాక మునిసిపాలిటీలో మీ పేరు ఆ ఇంటి చిరునామా మీద నమోదు చేయిస్తామని కుటుంబం చేత రాయించుకోండి. వీసా ఆరు నెలలు దాటినదైతే దిగిన నెల లోపల విదేశీయుల కార్డుకు దరఖాస్తు పెట్టాలి, దానికి ఆ నమోదు కాగితం అడుగుతారు. కొన్ని ఇళ్ల వాళ్లు ఇక్కడే నసుగుతారు, ఆ నసుగుడు విమానం టికెట్ కొనక ముందే బయటపడటం మంచిది.