మరిగానా, వన్యామానా? యూరప్‌లో ఎవరి కెరీర్ మేలు?

కెన్యా ఫుట్‌బాల్ మాట వస్తే ఈ ప్రశ్న తప్పదు: అన్న మెక్‌డొనాల్డ్ మరిగా గొప్పా, తమ్ముడు విక్టర్ వన్యామా గొప్పా? ట్రోఫీలు లెక్కపెట్టేవాళ్లు మరిగా అంటారు. 2010లో సీరీ ఆ (ఇటలీ ప్రధాన లీగ్), ఇటాలియన్ కప్, యూరప్ మేటి క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్ మూడూ గెలిచిన ఇంటర్ మిలాన్ జట్టులో అతనున్నాడు మరి.

నేను మాత్రం ముందు చూసేది, ఎన్ని సీజన్లు మొదటి పదకొండు మందిలో ఆడాడని. ఆ సీజన్లో మరిగా ఇంటర్‌కి వచ్చిందే జనవరి చివర్లో. అంతకుముందు ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ సిటీ అడిగింది కానీ, కెన్యా ఫిఫా ర్యాంకు మొదటి 70లో లేక వర్క్ పర్మిట్ రాలేదు. ఇంటర్ మిడ్‌ఫీల్డ్‌లో అప్పటికే కాంబియాసో, థియాగో మొత్తా, స్టాంకోవిచ్, ముంతారీ ఉన్నారు. బార్సిలోనాతో ఛాంపియన్స్ లీగ్ సెమీస్ రెండో మ్యాచ్‌లో ఇంటర్ పదిమందితో తన గోల్‌పోస్టు కాపాడుకుంటుంటే, మరిగా 86వ నిమిషంలో ఫార్వర్డ్ ఎతో స్థానంలో దిగాడు. ఫైనల్ మొత్తం బెంచీ మీదే. అతని నిలకడైన ఆట చూడాలంటే అంతకుముందు ఇటలీ క్లబ్ పార్మాలో ఆడిన రోజులే చూడాలి.

వన్యామా మెట్టు మెట్టుగా ఎక్కాడు: బెల్జియంలో బీర్‌షాట్, 2011లో స్కాట్లాండ్‌లో సెల్టిక్, 2013లో 1.25 కోట్ల పౌండ్లకు ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్, 2016లో అక్కడే టోటెనమ్. 2012 నవంబరులో బార్సిలోనా మీద కార్నర్‌కి ఎగిరి తలతో కొట్టిన గోల్ అందరికీ గుర్తే. నాకు అంతకన్నా విలువైనది 2016-17. టోటెనమ్ 86 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచిన ఆ ఏడాది 38 లీగ్ మ్యాచ్‌ల్లో 36 ఆడాడు. తోటి మిడ్‌ఫీల్డర్ డెంబెలే బంతి తీసుకుని ముందుకు దూసుకెళ్తే, వెనక ఖాళీ అయిన చోటుని కాసింది ఇతనే. 2017 ఆగస్టులో మోకాలు దెబ్బతింది. ఆ పైన లీగ్ మ్యాచ్‌లు వరసగా 18, 13, 2కి పడిపోయాయి. అయినా 2018 ఫిబ్రవరిలో లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగి, వాళ్ల గోల్‌కీపర్ కారియస్ పిడికిలితో నెట్టిన బంతిని దూరం నుంచి ఒక్క తన్నుతో నెట్‌లోకి పంపాడు. అన్నని కూడా మోకాలి గాయాలే వెనక్కి లాగాయి. కాకపోతే తమ్ముడు అప్పటికే ఇంగ్లండ్‌లో నాలుగు సీజన్లు నిలదొక్కుకుని ఆడేశాడు. అందుకే నా ఓటు వన్యామాకే.

మరో కెన్యా ఆటగాడు, ఫార్వర్డ్ డెనిస్ ఓలీచ్‌ని జనం మరచిపోవడం అన్యాయం. 2005 నుంచి పదేళ్లు ఫ్రాన్స్‌లోనే నాంత్, ఓసేర్, అజాక్సియోలకు ఆడాడు. 2010-11లో రియల్ మాడ్రిడ్, ఏసీ మిలాన్, అయాక్స్ ఉన్న గ్రూపులో ఓసేర్‌తో ఛాంపియన్స్ లీగ్ ఆడాడు. నిలకడలో మరిగా కంటే ముందే.

కెన్యా స్ట్రైకర్ మైఖేల్ ఓలుంగా 2018 జనవరిలో స్పెయిన్ క్లబ్ జిరోనా తరఫున లాస్ పాల్మాస్ మీద హ్యాట్రిక్ కొట్టాడు. అయితే అతని అసలు ఆట బయటపడింది జపాన్‌లో, 2020లో 28 గోల్స్‌తో. యూరప్ లెక్కలోకి అది రాదు.